ట్యాంకులో రెండో పొట్ట

నాయనా,

ఇక్కడ అందరం క్షేమం. ఈ వాక్యం రాసే క్షణానికి, అంతే. ఫోను చేస్తే సగంలోనే అరుస్తావు, ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

నీ కూతురు వరండాలో బండి పెట్రోలు ట్యాంకు ఊడదీస్తోంది. ఆ ట్యాంకు కారుతోంది. అతుకు వేయించకపోతే సోమవారం కొత్త ఉద్యోగానికి వెళ్లలేనంటోంది. "మీరెవరూ ముట్టుకోవద్దు, అమ్మేయండి" అన్న నీ ఆజ్ఞ చదివి వినిపించాను. నవ్వింది.

పెట్రోలుతో మీ నాన్న చెయ్యి కాల్చుకున్న రోజు నాకింకా కళ్లముందే ఉంది. అందుకే పొయ్యి ఆర్పి, అగ్గిపెట్టె కొంగున ముడేసుకుని గడపలో కూర్చున్నాను. కూర్చున్నానని పేరే, ఎన్నిసార్లు లేచానో!

ఇప్పుడూ ఉత్తరం పక్కన పడేసి లేవాల్సి వచ్చింది. నీ కూతురు గొట్టం లాగి, పెట్రోలు డబ్బాలోకి దింపి, బోల్టు విప్పి, "ఖాళీ అయింది నానమ్మా, ఎత్తేస్తున్నా" అంది.

"ఆగవే!" అని ట్యాంకు రెండు పక్కలా వేలితో కొట్టాను. ఒక పక్క బోలుగా మోగింది. రెండోది నిండు బిందెలా మూగగా ఉంది. "అటు పొట్టలో ఇంకా ఉందే తల్లీ!"

బండి నడుం మీద జీనులా కూర్చునే ట్యాంకుకి అటొకటి ఇటొకటి పొట్టలట. అటుపక్క నేను మెల్లగా పైకెత్తి పట్టుకుంటే, మిగిలిందంతా ఇటు డబ్బాలోకి దిగింది. నా నడుం సంగతి అడగకు.

నేలమీద ఒక్క చుక్క పడలేదు. సోమవారం దానికి ఫోను చేసి, తిట్టకుండా ఒక మంచిమాట చెప్పు.

పొయ్యి ఇంకా వెలిగించలేదు. కొంగుముడి ఎంత లాగినా రావడం లేదు. ముడి గట్టిగా పడింది, అంతే.

మీ అమ్మ