ఎర్ర జాడీ మీద మూడోవాడు

తమ్ముడూ,

అక్క దీవెనలు. నీ ఓడ ఏ రేవులో ఉన్నా నువ్వు బాగుంటే చాలు. ఎప్పుడూ "ఇక్కడ అంతా కులాసా" అని రాసేసి కబుర్లలోకి దిగేదాన్ని. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావట్లేదు. ఎవరికీ ఒంట్లో ఏం కాలేదు, కంగారుపడకు.

నా మోకాలినొప్పి తగ్గింది. నీ చొక్కాలు అందాయి, అమ్మ గుండీలు కుడుతోంది. నాన్న జపాన్ జాడీల సంగతులు రాయడం ఎందుకు మానేశారని రెండు ఉత్తరాల్లో అడిగావు. అదే చెప్పాలి.

పోయిన నెల మ్యూజియం ఆవిడ వచ్చింది. పందొమ్మిది జాడీలూ నాన్న పేరు మీద ఒక గదిలో పెడతామన్నారు కదా. నాన్న పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సిద్ధమైపోయారు. "వందేళ్ల కింద పరదేశాలకి పంపడానికే చేశారమ్మా ఇవి" అంటూ ఒక్కొక్కటే చేతికిచ్చారు. ఎర్ర జాడీ గుర్తుందిగా, బొటనవేలంత మట్టిపిల్లలు ముగ్గురు మూతి దాకా పాకుతుంటారు. ఆవిడ దాని మీద ఏదో దీపం వేసి చూసి, "మూడోవాడు మట్టి కాదండీ, తర్వాతెవరో అతికించారు" అంది. మిగతావన్నీ అసలైనవేనని ఆవిడ ఎంత చెప్పినా నాన్న చెవికెక్కలేదు.

అది అమ్మింది పాతసామాన్ల మామయ్య. నలభై ఏళ్ల స్నేహం. నాన్న జాడీ చంకన పెట్టుకుని అప్పటికప్పుడు ఆ షాపుకి వెళ్లారు. తిరిగొచ్చి, "నలుగురి ముందూ దొంగ అనేసి వచ్చాను. ఇక వాడి పేరెత్తకండి" అన్నారు. మూడు వారాలకి మామయ్య గుండె ఆగి పోయాడు. కూతురు వచ్చి గుమ్మంలో నిలబడి ఏడ్చింది. నాన్న గదిలోంచి బయటికి రాలేదు.

తమ్ముడూ, ఆ మూడోవాణ్ణి చేసింది నేను.

ఆరేళ్ల కింద దుమ్ము దులుపుతుంటే గుడ్డ పోగు వాడి చేతికి తగులుకుంది. కిందపడి పిండిపిండి అయిపోయాడు. నాన్న ఊళ్లో లేరు. కట్టుడుపళ్లు చేసేదాన్ని, నాకు పిల్లాడొక లెక్కా? పళ్లు చేసే సరుకుతోనే చేసి, రంగువేసి అతికించాను. నాన్న చూపు మందగించింది కదా, గుర్తుపట్టలేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా. ఆ రోజు మ్యూజియం ఆవిడ మాట్లాడుతుంటే పక్కనే టీ కప్పులు పట్టుకుని నిలబడ్డాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ మూడు వారాలు గడిపేశాను.

నిన్న చెప్పాను. అరుస్తారనుకున్నాను. అరవలేదు.

"ఆ రోజు వాడు నాకు ఎదురు చెప్పలేదే" అన్నారు. "'నేనిచ్చినప్పుడు ముగ్గురూ మట్టివాళ్లేరా, ఓసారి ఇంట్లో అడిగి చూడు' అన్నాడంతే. మా ఇంట్లో అలాంటివాళ్లు లేరన్నాను."

ఇట్లు,
నీ అక్క