చేతికి అందని నునుపు

అమ్మకి,

నీ కూతురు యేరాన్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, నీ నడుం నొప్పి తగ్గిందని తలుస్తాను. బాగున్నానని ముందు రాయాలి కాబట్టి రాశానులే.

నువ్వు పంపిన ముల్లంగి కిమ్చి చేరింది. సువాన్‌లో చలి ముదిరింది. అవును, వేళకే తింటున్నాను. లేదు, ఆ బ్యాంకు అబ్బాయిని కలవలేదు, ఇక ఆ మాటెత్తకు.

ఉత్తరం చివర రెండు ముక్కలు రాశావు చూడు, నాలుగు రోజులుగా వాటితో నిద్ర పట్టడం లేదు. మా కంపెనీ క్రీము వాడినవాళ్ళ ముఖం రుద్దితే నీ చేతికి ఏ తేడా తెలియలేదన్నావు. దానికి, నీ దగ్గర ఒళ్ళు రుద్దించుకోవడానికొచ్చే తోంగ్‌మిన్ వాళ్ళమ్మ మీ స్నానశాలలో అందరి ముందూ, "మీ అమ్మాయి యంత్రానికి తెలిసింది నీ చేతికి తెలీదా పిన్నీ? ఇక ఇంట్లో కూర్చో!" అందట. అందరూ నవ్వారట. నువ్వూ నవ్వేసి, నెలాఖరుకి పని మానేస్తానని యజమానురాలితో చెప్పేశావట. ముప్పై ఏళ్ళు పుసాన్ ఆడవాళ్ళ ఒళ్ళు రుద్దిన చెయ్యమ్మా అది!

మానకు. తప్పు నీ చేతిది కాదు, నాది. ఫోన్లో చెబుదామనుకున్నాను, నీ గొంతు వినగానే మింగేశాను.

మా ప్రయోగశాలకి క్రీము పరీక్షకొచ్చినవాళ్ళు ముఖం కడుక్కుని అరగంట కూర్చోవాలి. తడి పూర్తిగా ఆరాకే చర్మం మీద వెలుగు వేసి మెరుపు కొలవాలి. మొదటి రోజు అలాగే కొలిచాను. ఎనిమిది వారాలు క్రీము రాశాక మళ్ళీ కొలిస్తే, మొదటి పదిమందిలో పిసరంత తేడా లేదు. మా పై అధికారి పాంగ్ గారు తొంగి చూసి, "ఏం యేరాన్, నీ చేతిలో ఎవరికీ మెరుపు రాదా?" అన్నారు. వేళాకోళానికే అన్నారు. కానీ నా పేరుతో రాబోయే మొదటి నివేదిక అది. ఆ పదిమందినీ మళ్ళీ ముఖం కడుక్కోమన్నాను. వాళ్ళనీ, మిగతా అందరినీ అయిదు నిమిషాలకే పిలిచాను. తడి ముఖం మెరవదా మరి?

ఒకావిడ, "ఈసారి తొందరగా పిలిచావేంటమ్మా?" అంది. "మీకు బస్సు తప్పిపోతుందని, ఆంటీ" అన్నాను. నా చెయ్యి పట్టుకుని, ఎంత మంచి పిల్లవే అంది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆపలేదు. ఆ అంకెలే నివేదికకెక్కాయి, వాటిని చూపించే క్రీము అమ్మారు.

నిన్న పాంగ్ గారికి అంతా రాసిచ్చాను. నివేదిక వెనక్కి తీసుకుంటున్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. దానికి కాదు ఏడుపు. నా అబద్ధాన్ని నమ్మి నువ్వు నీ చేతినే అనుమానించావు, అదే తలెత్తుకోనివ్వడం లేదు.

ఈ ఉత్తరం దాచేసి నన్ను కాపాడాలని చూస్తావు, నాకు తెలుసు. వద్దు. ఈసారి తోంగ్‌మిన్ వాళ్ళమ్మ రాగానే, అందరూ ఉండగా, ఆవిడ చేతే గట్టిగా చదివించు. కింద నా పేరు కూడా.

ఇట్లు,
ముఖం చెల్లని నీ కూతురు,
యేరాన్