కొలత సరిగానే ఉంది

అక్కా,

ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదు. అందుకే రాస్తున్నాను.

"ఆ ఎక్స్‌రే మిషన్ పాతదిరా. నువ్వు పరీక్ష చేసి బాగుందంటేనే నా ఊపిరితిత్తిలో మచ్చ ఉందని నమ్ముతాను. అప్పటిదాకా ఏ ఆసుపత్రికీ రాను" అన్నావు కదా. నిన్న వెళ్లాను.

మిషన్లు పరీక్షించడమే నా ఉద్యోగమైనా, ఒక మిషన్ చెడిపోయి ఉండాలని మొక్కుకుంటూ వెళ్లడం మాత్రం ఇదే మొదటిసారి. వోల్టేజీ తగ్గినా, కిరణాలు పడే సమయంలో తేడా వచ్చినా ఫిల్ము పాడవుతుంది. లేని మచ్చ ఉన్నట్టు అనిపించవచ్చు. నా ఆశంతా దానిమీదే.

నువ్వు నిలబడిన చోటే మీటరు పెట్టి, సీసపు తెర వెనక్కి వెళ్లి మీట నొక్కాను. ఎంత వోల్టేజీ పెట్టానో అంతే వచ్చింది. సమయమూ అంతే. నా మీటరు మీదే అనుమానం వచ్చి, ఆఫీసు నుంచి ఇంకోటి తెప్పించి మళ్లీ కొలిచాను. అదీ అదే మాట చెప్పింది.

అక్కడి టెక్నీషియన్ నవ్వి, "మిషన్ బాగుందంటే అందరూ సంతోషిస్తారు. మీరేంటి సార్, ముఖం అలా వేలాడేశారు?" అన్నాడు. సామాను సర్దుకుని బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను.

బావకి ఇంకా చెప్పలేదు. నీకన్నా ముందు ఆయనకి చెప్పడం భావ్యం కాదనిపించింది. నీ ఎక్స్‌రే చూసిన డాక్టరుగారు ఆలస్యం చేయొద్దన్నారు. ఇంకేమన్నారో ఇక్కడ రాయలేను.

ఎల్లుండి పొద్దున్నే కారు తీసుకుని వస్తాను. తిట్టు, అలుగు, కావాలంటే చిన్నప్పటిలా నెత్తిన మొట్టికాయ వెయ్యి. తలుపు మాత్రం తియ్యి అక్కా.

నీ తమ్ముడు