శశికళ ఇంటి వెనక కొండ

నాంపల్లి, హైదరాబాదు
18 ఆగస్టు 1972

చి. సౌ. శశికళకు,

నీ భూగోళం మాస్టారు కోదండరామయ్య మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మీ అమ్మగారూ, మేమూ బాగున్నాం. అక్కడ నువ్వూ, శ్యామ్‌సుందరూ, పసిబిడ్డా ఎలా ఉన్నారన్నదే నా బెంగ.

జావా నుంచి నువ్వు రాసిన ఉత్తరం మొన్న అందింది. బట్టల మిల్లు క్వార్టర్ల వెనక కొండ ఆవిరి కక్కుతోందనీ, రోజూ ఇంట్లో గిన్నెలు గలగలమంటున్నాయనీ, పక్కింటివాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళిపోయారనీ రాశావు. "మాకేం ఫికర్ లేదు సార్. గీ కొండ నూరేండ్ల సంది చల్లగున్నది. గసుంటి అగ్నిపర్వతం చచ్చిపోయినట్టే అని మీరే చెప్పిన్రు గద" అన్నావు. ఆ మాట నాలుగుసార్లు చదివాను.

నిన్న కోఠీలో వెతికి, రెండేళ్ళ కిందట అచ్చయిన భూగర్భశాస్త్రం పుస్తకం ఒకటి తెచ్చుకున్నాను. చదివినకొద్దీ అయోమయం. భూమి చల్లారి ముడుచుకుపోతే కొండలు పుట్టాయని కదా మీకు చెప్పాను? అది కాదట. భూమి పైపెంకు పెద్ద పెద్ద పలకలుగా కదులుతోందట. మీకు దక్షిణాన సముద్రపు అడుగు పలక జావా కిందికి దూరుతోందట. దానితోపాటు దిగిన నీరు లోతున వేడి రాతిలో చేరితే, ఆ రాయి తక్కువ వేడికే కరుగుతుందట. కరిగింది తేలిక కనుక, అడ్డొచ్చిన రాళ్ళను పగలగొట్టుకుంటూ పైకి వస్తుంది. మీ గిన్నెలు కదిలేది అందుకేనేమో. గోలీసోడాలో లాగా అందులో వాయువు అణిగి ఉంటుంది. పైన మూత బిగిసి ఉన్నంతకాలం కొండ చల్లగానే కనబడుతుంది!

ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠం తప్పా, ఈ పుస్తకం తప్పా? నాకు తెలియడం లేదు. కొండ రేపు పేలుతుందో, ఊరికే సర్దుకుంటుందో పుస్తకమూ చెప్పడం లేదు. పేలితే మాత్రం మండే బూడిద వాలు వెంట రైలుకంటే వేగంగా దిగుతుందట. వాన పడితే ఏటి వెంట బురద ముంచెత్తుతుందట. చూశాక పరిగెత్తే వ్యవధి ఉండదు.

పొద్దున్నే అబిడ్స్ పోస్టాఫీసులో నీకు తంతి ఇచ్చాను: "కొండ బతికే ఉంది. వెంటనే దిగిపోండి." గుమాస్తా రెండుసార్లు చదివాడు.

"గిదేంది సార్, కొండ బతుకుడేంది?" అన్నాడు.

"నాకూ సరిగ్గా తెలియదు బాబూ. ముందు పంపించు" అన్నాను.

అది అందకపోతే ఈ ఉత్తరమే నా మాట. ఏటి ఒడ్డు పట్టకుండా దూరంగా వెళ్ళిపోండి. శ్యామ్‌సుందర్ ఉద్యోగం పోతుందంటే, మాస్టారు చెప్పారని చెప్పు. చేరాక ఒక్క ముక్క రాయి.

ఇట్లు,
నీ క్షేమం కోరే
కోదండరామయ్య

తా.క. సంతకం చేశాక కవరు అంటించలేకపోయాను. పలకల సంగతి నాకు కొత్తే కానీ, నిద్రపోయే కొండ సంగతి కొత్త కాదు. చాలాకాలం ఊరుకున్న కొండే ఎక్కువ ప్రమాదం కావచ్చునని, మీకు ఆ పాఠం చెప్పడానికి ఏడాది ముందే చదివాను. పాఠం చెప్పే రోజు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు వెనక బెంచీలో కూర్చున్నాడు. నువ్వు లేచి, "చచ్చిపోయిందని ఎట్ల తెలుస్తది సార్?" అని అడిగావు. పాఠ్యపుస్తకంలో లేనిది చెప్పడానికి భయపడి, "చచ్చిందంతే, కూర్చో" అన్నాను. నువ్వు నమ్మి కూర్చున్నావు. ఇప్పుడు లే, తల్లీ.