వదిలేయమన్న అధ్యాయం

జూలై, శుక్రవారం రాత్రి

ఈ సాయంత్రం ఆ అధ్యాయం చదివేశాను. పేటంతా కలిసి ఒకే పాత నవల వినాలని మా లైబ్రరీలో రోజూ సాయంత్రం నేను చదివి వినిపించడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ నాకు దాని గురించే బెంగ. అందులో ఒక వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటుంది.

పుస్తకం తెరవగానే లైబ్రరీ కమిటీ ప్రెసిడెంటు రామ్మూర్తి గారు, "ఆడపిల్లలున్నారమ్మా. ఇది వదిలేసి తరవాతది చదువు" అన్నారు. నా ఉద్యోగం పర్మినెంటు చేయాల్సింది ఆయనే. అయినా, "ఇది వదిలేస్తే కథే ఉండదండి" అన్నాను.

అప్పుడు వెనక వరసలోంచి ఆయన చెల్లెలు సుభద్రమ్మ గారు లేచారు. చిన్న వయసులోనే భర్త పోయి, అన్నగారింట్లోనే ఉండిపోయిన మనిషి. "చదవండమ్మా. నేను వినాలి" అన్నారు నెమ్మదిగా.

నేను చివరిదాకా చదివాను. రామ్మూర్తి గారు తల దించుకుని కూర్చున్నారే గానీ లేచి వెళ్ళలేదు.

అందరూ వెళ్ళాక సుభద్రమ్మ గారు నా దగ్గరకొచ్చి, "రేపటిది నేను చదవచ్చాండీ?" అని అడిగారు. తప్పకుండా చదవండన్నాను. ఇంట్లో ఆయన ఏమంటున్నారో ఈపాటికి... ఏమన్నా సరే, ఆవిడ వస్తారు. రేపు నా కుర్చీలో ఆవిడే కూర్చుంటారు.