తేనెపెట్టెకు కట్టిన దిష్టిగుడ్డ

అమ్మా సైరాగుల్, నేనూ మీ నాన్నా అక్రోటు అడవిలో తేనెపెట్టెల దగ్గర క్షేమంగానే ఉన్నాము, బెంగపడకు.

ఈ చలికాలం గట్టెక్కినవి మూడు పెట్టెలే. అందులో బలమైనదానికి చీమలు పట్టాయి. పెట్టె కాళ్ళ కింద నీళ్ళ డబ్బాలున్నా ఎలా ఎక్కాయో తెలియలేదు. తేనెటీగలు గూడు వదిలి పోతాయేమోనని రెండు రోజులు నాకు రొట్టె సహించలేదు. తీరా చూస్తే తప్పు నాదే. దిష్టి తగలకూడదని నేను మూతకు కట్టిన ఎర్రగుడ్డ గడ్డిలోకి వేలాడుతోంది, చీమలు దాని మీదుగా ఎక్కుతున్నాయి. "ఏమే ముసలిదానా, దిష్టికి గుడ్డ కట్టావా, చీమలకు నిచ్చెన వేశావా?" అని మీ నాన్న నవ్వారు. ఊడదీసి పారేస్తారనుకున్నాను. సగానికి కత్తిరించి ఆయనే మళ్ళీ మూతకు కట్టారు. ఈగలు నిలిచాయి.

డబ్బాల్లో నీళ్ళు ఎండకు ఇంకిపోతున్నాయి, వాటిలో పోయడానికి వాడేసిన ఇంజన్ ఆయిల్ ఒక సీసా అల్లుడితో పంపు. పాపకు పన్ను వచ్చిందా? ఆడగుర్రం ఈనిందా? పొయ్యి మీద పాలు పెట్టి నిద్రపోకు.

మీ పొయ్యి ఎన్నడూ ఆరకుండా దేవుడు చూడాలి.

ఇంకొక మాట. నలభై ఏళ్ళలో మీ నాన్న నా మీద అరవకపోవడం ఇదే మొదలు. ఒంట్లో బాగాలేదేమో, అల్లుడిని డాక్టరును కూడా వెంటబెట్టుకుని రమ్మను.

అమ్మ