పక్కపక్కన పెట్టిన స్పూను, ఫోర్కు

ఆదివారం, నాచారం

మొన్న వెళ్ళొచ్చిన ఓడ ప్రయాణంలో మనవరాలు చిన్ని మర్యాద నేర్చుకుందని కొడుకు మురిసిపోయాడు. మర్యాద కాదు, దొరతనం నేర్చుకుంది.

మధ్యాహ్నం సగం పప్పన్నం వదిలేసి, స్పూను, ఫోర్కు కంచంలో పక్కపక్కన పెట్టి లేచింది. ఓడలో అలా పెడితే తినడం అయిందని వెయిటరు వచ్చి తీసేవాడట.

"ఇక్కడెవరు తీస్తరే? వెయిటర్ గిట్ల ఉన్నడా?" అన్నాను.

"నువ్వున్నవ్ కదా నానమ్మా!"

కొడుకు పకపకా నవ్వాడు. "ఎంత మంచిగ గుర్తువెట్టుకుందో సూడమ్మా!"

ఏడేళ్ళకే ఇలా అంటే, రేపు పెద్దయ్యాక...

కంచం ముట్టుకోలేదు. ఈగలు ముసిరాక, నన్ను కొరకొరా చూస్తూ కోడలు తీసింది.

రేపు ఉప్పల్ వెళ్ళి గట్టి ప్లాస్టిక్ స్టూలు ఒకటి తేవాలి. మన వంటింటి సింకు చిన్నికి అందదు.